నీ పొట్ట మీది గీత

చిట్టితల్లీ,

పసితనంలో నీకొచ్చిన, పాలదారి మూసుకుపోయే జబ్బే నీ బాబుకీ వచ్చిందని ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. అందుకే నాలుగు ముక్కలు రాసి, ఈ రాత్రి గౌతమి రైలుకి బయల్దేరుతున్న మీ అమ్మ చేతికిస్తున్నాను.

"నాలాగా వాడి పొట్ట మీద ఆపరేషన్ గీత ఉండకూడదు నాన్నా, కీహోలే చేయిస్తా" అన్నావు, అదే, పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాల్లోంచి కెమెరా గొట్టంతో చేసేది. ఆ గీత బాధ నాకు తెలుసు. ఓణీల రోజుల్లో సరిగ్గా అక్కడే పిన్నీసు పెట్టుకునేదానివి.

1993లో నీకు ఐదో వారం. పాలు తాగిన పావుగంటకల్లా వాంతి అల్లంత దూరం చిమ్మేది. కక్కేసిన మరుక్షణం మళ్లీ పాలకు ఏడ్చేదానివి. అమ్మమ్మ దిష్టి తీసింది. మొదట చూసిన డాక్టరు పాలు ఎక్కువయ్యాయన్నాడు. వారం పోయాక ఇంకో డాక్టరు నీ పొట్ట తడిమి, రేగుపండంత గడ్డను నా వేలికి కూడా తగిలించాడు. జీర్ణాశయం చివర కండరం మందమై పాలదారి మూసేసింది, పైలోరిక్ స్టెనోసిస్ అంటారు. మగపిల్లల్లో నాలుగు రెట్లు ఎక్కువగా వచ్చేది నీకొచ్చింది. తల్లికి వచ్చి ఉంటే కొడుక్కి వచ్చే అవకాశం ఇంకా ఎక్కువట. అలాగని ఇందులో నీ తప్పు వెతుక్కోకు.

నీకు చేసిన, ఇప్పుడు వాడికి చేయబోయే ఈ ఆపరేషన్ జర్మనీలో రామ్‌స్టెట్ అనే సర్జన్ చేసినది. 1911లో మొదటి బిడ్డకు కండరాన్ని చీల్చి మళ్లీ కుట్టబోతే కుట్లు నిలవలేదు. తర్వాతి బిడ్డకు చీలికను అలాగే వదిలేశాడు, అదే మంచిదైంది. ఇప్పటికీ అంతే: కండరం పూర్తిగా విచ్చుకోవాలి, లోపలి పొర చిల్లు పడకూడదు. పొట్ట కోసి వెళ్లినా, కెమెరా గొట్టంతో వెళ్లినా లోపల చేసే పని అదే.

2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఈ రెండు పద్ధతులనూ పోల్చిన అధ్యయనం చదివాను. 180 మంది పసివాళ్లు. ఏ పద్ధతో తల్లిదండ్రులకూ వార్డువాళ్లకూ తెలియనివ్వలేదు. కీహోల్ పిల్లలు 18.5 గంటలకు పూర్తి పాలు తాగారు, కోత పిల్లలు 23.9 గంటలకు. ఇంటికి వెళ్లడంలో తేడా పది గంటలు. అంతే! కీహోల్‌లో కండరం సరిగా తెగక మళ్లీ చేయాల్సి రావడం కాస్త ఎక్కువని కొన్ని అధ్యయనాలు అంటున్నాయి. అందుకని సర్జన్‌ను "ఏది మంచిది" అనొద్దు, "మీ చెయ్యి దేనికి బాగా అలవాటు" అని అడుగు. కోతే అన్నా దిగులుపడకు. ఇప్పుడు బొడ్డు పైఅంచు వెంట వంపుగా కోస్తున్నారు, ఆ మచ్చ బొడ్డు ముడతలో కలిసిపోతుంది.

"రెండు రోజులుగా సెలైనే ఎక్కిస్తున్నారు, ఆపరేషన్ చేయరే" అని డాక్టర్ల మీద కోప్పడకు. ముప్పై ఏళ్లు ల్యాబులో పనిచేసినవాడిగా చెబుతున్నా. వాంతుల్లో జఠరరసం పోయి రక్తంలో క్లోరైడు, పొటాషియం పడిపోతాయి, క్షారం పెరుగుతుంది. అది సరికాకుండా మత్తిస్తే తర్వాత ఊపిరి మందగిస్తుంది. రోజూ రిపోర్టులో క్లోరైడు, బైకార్బొనేటు అంకెలు నాకు వాట్సాప్ చెయ్యి. నా చేతికి ఆ పనైనా ఇవ్వు.

ఆపరేషన్ అయ్యాక కొన్ని గంటలకే పాలు పట్టమంటారు. ఒకటి రెండుసార్లు కక్కుతాడు, కంగారుపడకు, నువ్వూ కక్కావు. ఆగకుండా కక్కితే మాత్రం వెంటనే చెప్పు. అల్లుడుగారిని కాసేపు పడుకోమను. అమ్మ సంచిలో నీకు కారప్పొడి ఉంది.

నాన్న