భూమితో పాటు నీళ్ళు కూడా రాసుకోండి

టెక్కలి దగ్గర మన ఊరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్‌లో "కనుమ వెళ్ళాక పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి భూమి పంచేసుకుంటున్నాంరా" అన్నావు కదా, అప్పుడు నేను సరిగా పలకలేదు. నువ్వేమో సంబరంగా ఉన్నావు. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. ఓపిగ్గా చదివి, మీ అన్నయ్యకి కూడా వినిపించు.

మా ఇంటి గొడవ నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. తాతది పల్లం 4 ఎకరాలు, గరువు (మెట్ట) ఎకరంన్నర. నాన్నా, చిన్నాన్నా 2009లో పంచుకున్నారు. తాడుతో కొలిచారు, తెల్లకాగితం మీద రాశారు, నలుగురు పెద్దలు సంతకాలు పెట్టారు. ఆ రోజు అమ్మ అందరికీ భోజనాలు పెట్టింది. పై రెండెకరాలు చిన్నాన్నకి, కింద రెండెకరాలు మాకు. హద్దు ఏమిటంటే గట్టు మీద వరసగా ఉన్న ఏడు కొబ్బరిచెట్లు. కాగితంలో ఉన్నది అంతే. నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

వంశధార ఎడమ కాలువ మదుము (తూము) చిన్నాన్న చెక్కలో పడింది. మా మళ్ళకి నీళ్ళు రావాలంటే వాళ్ళ చేను మధ్యనున్న బోదె (పిల్లకాలువ) లోంచే రావాలి. ఉమ్మడిగా తవ్వించిన నుయ్యీ, తర్వాత దాని పక్కన వేసిన బోరూ కూడా వాళ్ళ వైపే. కరెంటు సర్వీసు ఇంకా తాత పేరు మీదే. నాన్న ఉన్నన్నాళ్ళూ ఇదేదీ ఎవరికీ తట్టలేదు. తెల్లారగట్ల చిన్నాన్నే వెళ్ళి మదుము తీసి "అన్నా, నీళ్ళొదిలీసినాను" అని కేకేసేవాడు. ఆ కేకే మాకు దస్తావేజు అనుకో.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. నీకు గుర్తుందా, పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం తోటలన్నీ పడుకోబెట్టేసింది. మా ఏడు చెట్లూ ఆ ఒక్క తెల్లవారుజామునే కూలిపోయాయి. హద్దు పోయింది. ఆ చెట్లకి పరిహారం ఎవరు రాయించుకోవాలన్న దగ్గర మొదటిసారి రెండిళ్ళకీ మాట తేడా వచ్చింది. అప్పటికే నాన్న లేడు. తర్వాత రెండేళ్ళకి చిన్నాన్న కూడా పోయాడు. చిన్నాన్న కొడుకు, నా తమ్ముడు, ట్రాక్టరుతో చేను చదును చేయిస్తూ బోదెని సగం పూడ్చేశాడు. అడిగితే "పక్కనుంచి తవ్వుకో" అన్నాడు.

ఇక 2023 ఆగస్టు. ఆ నెలంతా చుక్క లేదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు లేదని పేపర్లో వేశారు. గొట్టా బ్యారేజీలో నీళ్ళు వదిలినా శివారు భూములకి చేరేది ఎప్పుడో నీకు తెలుసు. ఉభాలు (నాట్లు) సగంలో ఆగిపోయాయి. ఆకుమడి ముదిరిపోయి నారు కొసలు ఎర్రబడ్డాయి. ఒక రాత్రి కాలువకి నీళ్ళొచ్చాయని తెలిసి టార్చి పట్టుకుని పరుగెత్తాను. బోదె మూతికి ఎరువుల గోనెసంచులు, మట్టి నింపి, మూడు వరసలు అడ్డం పెట్టి ఉన్నాయి. నేను వంగి ఒక సంచి లాగాను. వెనకనుంచి "నా సెక్కలో నీకేటి పని?" అన్నాడు తమ్ముడు. చేతిలో పార పైకెత్తి ఉంది. సూరీ, ఆ పార కర్ర నాన్న వేసినదిరా. తుమ్మకర్ర, పట్టుకునే చోట అరిగి నున్నగా మెరుస్తుంది, చీకట్లో కూడా గుర్తుపట్టాను. "ఈ బోదె తాత తవ్వినాడ్రా" అన్నాను, గొంతు పెగల్లేదు. వాడి చెయ్యి వణుకుతోంది. టార్చి వెలుగులో వాడి మడి కూడా కనబడింది, నెర్రెల్లో అరచెయ్యి పట్టేలా ఉంది. గట్టు మీద మరదలు ఏడుస్తోంది. ఎంతసేపు అలా నిలబడ్డామో తెలీదు. పార దించాడు. నేనూ సంచి వదిలేసి వచ్చేశాను. మర్నాటినుంచి మాటల్లేవు.

నేను తిరగని చోటు లేదు. రెవెన్యూ వాళ్ళు ఇది సివిల్ తగువన్నారు. నీటి సంఘం వాళ్ళు కాలువ వరకే మా పని, మీ చేలో బోదె మీరే తేల్చుకోవాలన్నారు. చివరికి ఒక లాయరు గారు కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉందట. పక్కవాడి భూమిలోంచి 20 ఏళ్ళు ఏ అడ్డూ లేకుండా, బహిరంగంగా, హక్కుగా నీళ్ళు పారించుకుంటే హక్కు వస్తుంది. కానీ ఆ లెక్క మాకు కుదరదన్నారు. ఉమ్మడిగా ఉన్నన్నాళ్ళూ అది మన సొంత భూమే కాబట్టి ఆ ఏళ్ళు లెక్కలోకి రావు. 2009 నుంచి చూస్తే ఇరవై నిండలేదు. అయితే అదే చట్టంలో 13వ సెక్షన్ ఉంది. ఉమ్మడి ఆస్తి పంచుకున్నప్పుడు, అప్పటికి కళ్ళెదుట కనబడుతూ నడుస్తున్న బోదె లాంటిది, అది లేకపోతే రెండో వాటా అనుభవించడం కుదరనిది, వేరేగా అనుకుంటే తప్ప ఆ వాటాతో పాటే వస్తుంది. వినగానే ప్రాణం లేచి వచ్చింది. కానీ అది రుజువు చేయడానికి సాక్షులు కావాలి, ఏళ్ళు పడుతుంది. కాగితంలో రెండు లైన్లు ఉంటే ఇంత అవసరమే లేదు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టుకోవచ్చనీ, అక్కడ రాజీ కుదిరితే కోర్టు డిక్రీతో సమానమనీ, దాని మీద అప్పీలు ఉండదనీ చెప్పారు.

అప్పుడే ఆయన ఇంకో ప్రశ్న వేశారు. "మీ ఆడపిల్లలు ఏరీ?" నేను తెల్లబోయాను. 2009లో మా అప్పని, అదే మా అక్కని, ఎవరూ అడగలేదురా. పెళ్ళి 1983లో అయిపోయింది, కట్నం ఇచ్చేశాం కదా అనుకున్నాం. ఎన్టీఆర్ హయాంలో 1986లో వచ్చిన చట్టం కూడా అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకే ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. కానీ 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్రం చేసిన సవరణలో ఆ తేడా లేదు. పుట్టుకతోనే కొడుకుతో సమానం. తండ్రి ఆనాటికి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన పంపకాలైతే కదపరు. మాది తెల్లకాగితం, అదీ 2009ది.

తమ్ముడికీ అవసరం పడింది. రెవెన్యూ భూమి రికార్డు వన్‌బీలో ఇంకా తాత పేరే ఉంది. పాస్‌బుక్ లేదు, బ్యాంకులో పంట అప్పు పుట్టదు. అందరి సంతకాలూ ఉంటే తప్ప కదలదు. అలా కూర్చున్నాం, అప్పని పిలిచి. నేను కాగితం ముందు పెట్టి "ఇక్కడ ఓ సంతకం పెట్టప్పా" అన్నాను. అప్ప పెన్ను పట్టుకోలేదు. "నా వాటా ఎంతో ముందు సెప్పండి. ఉందని సెప్పి, వద్దంటావా అని అడగండి. లేదనుకుని పెట్టించుకుంటే ఎలాగ?" అంది. నలభై ఏళ్ళ తర్వాత అన్న మాట. ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు. మా వాటాలో సగం తనదని నేనే పైకి చదివి చెప్పాను.

అప్ప ఏం అడిగిందో తెలుసా? "నాకు మదుము దగ్గర 30 సెంట్లు ఇవ్వండి, గరువులో అరెకరం ఇవ్వండి, నా వాటాలో మిగతాది అప్పన్నదే. నీళ్ళు నా చెక్కలోంచి మీ ఇద్దరికీ వెళ్తాయి. నేనైతే ఎవరికీ సంచులు అడ్డం పెట్టను" అంది. తమ్ముడు తల దించుకున్నాడు. కాసేపటికి "అలాగే కానీ అప్పా" అన్నాడు. ఆ 30 సెంట్లకి బదులు నా చెక్కలోంచి వాడికి కొలిచి ఇచ్చాను. చిన్నాన్న కూతురు డబ్బు తీసుకుని తన వాటా సొంత అన్నకి విడుదల రాసిచ్చింది.

ఈసారి సర్వేయరుతో సబ్‌డివిజన్ చేయించి, స్కెచ్ జతచేసి, పంపకం దస్తావేజు రిజిస్టరు చేయించాం. అందులో నీళ్ళకి వేరే పేజీ. బోదె మూడడుగుల వెడల్పు, ఎవరూ పూడ్చకూడదు. ఏటా ఉభాలకి ముందు పూడిక ముగ్గురూ కలిసి తియ్యాలి. బోరు వారంలో తమ్ముడికి మూడు రోజులు, నాకు మూడు, అప్పకి ఒకటి. కరెంటు ఇచ్చే గంటలన్నీ ఆ రోజు వంతు ఉన్నవాళ్ళవే, కరెంటు లేక పోయిన రోజు వంతు మర్నాటికి జరుగుతుంది. మోటారు కాలితే ఖర్చు రోజుల లెక్కన. బాగుచేసే మనిషి వచ్చేటప్పుడు ఎవరి చేలోంచైనా దారి ఇవ్వాలి. రాయించేటప్పుడు ఆ గుమాస్తా "అన్నదమ్ముల మధ్య ఇవన్నీ ఎందుకండీ" అన్నాడు. రాయమన్నాను. ఇదే వంశధార నీళ్ళు చెరి సగం అని ఒడిశా, ఆంధ్రా 1962లోనే ఒప్పందం రాసుకున్నాయి. అయినా 2010లో ట్రిబ్యునల్ వేయాల్సి వచ్చింది. రాసుకున్నవాళ్ళకే అంత తిప్పలైతే, నోటిమాట మీద మేం పద్నాలుగేళ్ళు ఎలా నడిపామా అనిపిస్తుంది నాకు.

ఈ ఏడు ఉభాలప్పుడు తమ్ముడు వంతు అయిపోయాక కేకెయ్యలేదు, ఫోన్ చేశాడు. "అన్నా, నీళ్ళొదిలీసినాను." చిన్నాన్న గొంతేరా.

నువ్వు తొందరపడకు సూరీ. మీ చెల్లెలికి ఫోన్ చేశావా? పెద్దమనుషులు కూర్చునే రోజు కాదు, అంతకుముందే చెయ్యి. మీ మదుము ఎవరి చెక్కలో పడుతోందో, ఆ పాత నుయ్యి ఎవరి వాటాకి పోతోందో చూసి నాకు రాయి. కొలిచే టేపు నా దగ్గరుంది. భోగికి ముందు రోజే బస్సెక్కుతాను, ఇద్దరం గట్లన్నీ ఒకసారి తిరిగొద్దాం.

నీ
అప్పన్న