కోరింగకి ఆదివారమే ఎందుకురా

ఒరేయ్ శీనుగా,

జనవరిలో పిట్టలు చూడ్డానికి కోరింగ పోదామన్నావు, సరే, కానీ ఆదివారమే అని పట్టుబట్టకు. ఆ రోజు మడ అడవిలో చెక్కల వంతెన మీద సెల్ఫీల జనమే ఉంటారు. అయినా మన సెలవులతో ఆ పిట్టలకి పనేముంది, పోటు ఎప్పుడొస్తే వాటికి అప్పుడే డ్యూటీ.

ముందు కాకినాడ పక్కనే కుంభాభిషేకం దగ్గర బురదమేటల సంగతి చూద్దాం. గోదావరి తెచ్చిన ఒండ్రు, హోప్ ఐలాండ్ అడ్డుండటం వల్ల పెద్ద అలలు లేక అక్కడ నిలిచి మేటలు కట్టింది. పాటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తీసినప్పుడు వెళ్తే బురద కనుచూపుమేర బయటపడి ఉంటుంది, సైబీరియా నుంచి వచ్చిన ఉల్లంకి పిట్టలన్నీ ఎక్కడో ఆ చివర చుక్కల్లా తిరుగుతుంటాయి. నీళ్లు ఎక్కే కొద్దీ అవే మన వైపు జరుగుతాయి, పూర్తిగా నిండాయా, గుంపుగా లేచి ఇంకోచోటికి పోతాయి. మధ్యలో ఆ రెండు మూడు గంటలే మనవి.

ఇంకో తిరకాసుంది. సముద్రం తూర్పున కదా, పొద్దున్నే వెళ్తే ఎండ సూటిగా కళ్లలోకి కొట్టి ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. పోటు రోజురోజుకీ ముప్పావు గంట పైనే ఆలస్యమవుతుంది కాబట్టి, టైడ్ టేబుల్ (పోటుపాట్ల వేళల పట్టిక) ముందేసుకుని మధ్యాహ్నం దాటాక నీళ్లెక్కే రోజు ఏరుకుందాం. చొల్లంగి అమావాస్య రోజు మాత్రం వద్దు బాబూ, తీర్థానికొచ్చే జనంతో ఆ రోడ్డు మీద కదల్లేం.

నాకు స్కిమ్మర్ అనే పిట్ట మీదే ఆశ. నారింజ రంగు ముక్కు, పైదానికంటే కింది దవడ పొడుగు, ఎగురుతూనే ఆ కింది దవడతో నీళ్లు కోసుకుంటూ పోతుంది, చేప తగిలితే టక్కున మూసేస్తుంది. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న పిట్ట, కనిపించకపోతే నన్ను తిట్టకు.

మర్నాడు పొద్దున్నే కోరింగ. 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు, అదంతా మనం తిరిగేది లేదులే. వంతెన మీద నుంచి కిందికి చూడు, బురదలోంచి మేకుల్లా పైకి లేచిన శ్వాసవేర్ల మధ్య ఒక్క డెక్క మాత్రం ఇంత లావున్న పీతలు, రెక్కలతో పాకే బురద చేపలు. వాటి కోసమే నల్లతల లకుముకి కొమ్మ మీద కాపు కాస్తుంది. బావురుపిల్లి, అదే చేపలు పట్టే అడవిపిల్లి, రాత్రిపూట తిరిగే జీవి, పాదాల గుర్తులు దొరికినా నాకు చాలు. బోటు మాత్రం అక్కడివాళ్లు తిప్పితేనే, దాని మీద ప్లాన్ పెట్టుకోకు.

సికింద్రాబాద్‌లో రాత్రి గౌతమి ఎక్కితే తెల్లారేసరికి కాకినాడ. బైనాక్యులర్ నీది తెచ్చుకో, నాది లాక్కుంటే ఊరుకోను. తెల్ల చొక్కా వద్దు, పాత చెప్పులు చాలు, ఆ బురద వదలదు. కాజాలు తిరుగు ప్రయాణంలో కొందాం, ముందే కొంటే నువ్వు మిగల్చవు.

టైడ్ టేబుల్ చూసి రెండు తేదీలు పంపుతాను. రెండూ వారం మధ్యలో పడొచ్చు, మీ మేనేజర్‌కి ఏం చెప్తావో ఇప్పట్నుంచే ఆలోచించుకో.

నీ
రఘు