39 శాతం ఓట్లకు ఒకసారి 23 సీట్లు, ఇంకోసారి 11

సంపాదకులకు నమస్కారం.

నియోజకవర్గాల పునర్విభజన వార్త వచ్చినప్పుడల్లా చర్చంతా ఒక్కటే, ఏ మండలం ఎందులో కలుస్తుంది, ఎవరి సీటు రిజర్వ్ అవుతుంది, కొత్త సీట్లలో టికెట్ ఎవరికి అని. 2014 నాటి రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 175 నుంచి 225కి, తెలంగాణ అసెంబ్లీ 119 నుంచి 153కి పెరగాలి. 2026 తర్వాతి జనగణన దాకా ఆగాల్సిందేనని సుప్రీంకోర్టు 2025లో తేల్చేసింది కాబట్టి ఇంకా టైముంది. ఈలోగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పెరిగే సీట్లను కూడా పాత పద్ధతిలోనే, అంటే పక్కవాడికంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు సీటు వాళ్లదే అన్న పద్ధతిలోనే నింపాలా?

ఎందుకంటున్నానంటే, ఆంధ్రప్రదేశ్‌లో మొన్నటి రెండు అసెంబ్లీ ఎన్నికలు చూడండి. 2019లో టీడీపీకి 39.2 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకి 39.4 శాతం ఓట్లు, 11 సీట్లు. ఓట్ల వాటా ఇంచుమించు ఒక్కటే, సీట్లు మాత్రం సగానికి పడిపోయాయి. 2019లో దాదాపు 50 శాతంతో 151 సీట్లు తెచ్చుకున్న వైసీపీ 2024లో పదిన్నర శాతం ఓట్లు పోగొట్టుకునేసరికి 140 సీట్లు పోగొట్టుకుంది. పదిమందిలో ఒకరు అటు జరిగితే సభ మొత్తం తిరగబడిందన్నమాట. (ఇది చదివి నన్ను ఏదో ఒక పార్టీ ఖాతాలో వేసేముందు, పై లెక్కలో దెబ్బ తిన్నది రెండు పార్టీలూ అని గమనించండి.)

దీనివల్ల నష్టం ఓడిన పార్టీకే అయితే నాకేం బాధ లేదు. ప్రతిపక్ష హోదాకు పదో వంతు, అంటే 18 సీట్లుండాలని ఒక వాదన, అక్కర్లేదని ఇంకో వాదన, ఈ గొడవలో వైసీపీ సభకు రావడమే మానేయడం. 11 మందైనా వెళ్లి మాట్లాడాల్సిందే, అది వేరే సంగతి. కానీ పదిమందిలో నలుగురు ఓటేసిన పక్షానికి సభలో రెండు బెంచీలు కూడా నిండకపోతే ప్రభుత్వాన్ని నిలదీసేదెవరు? 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లుకు శాసనమండలి అడ్డు తగిలితే ఏం చేశారు, వారం తిరక్కుండా మండలినే రద్దు చేయాలని అసెంబ్లీలో తీర్మానం పెట్టి నెగ్గించుకున్నారు. 151 చేతిలో ఉంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, 2024లో 164 వచ్చిన టీడీపీ కూటమికి అనిపించదన్న గ్యారంటీ ఏమీ లేదు.

నేను చెప్పేదల్లా, ఇప్పుడున్న 175 నియోజకవర్గాలను అలాగే ఉంచి, పెరిగే 50 సీట్లను మాత్రం దామాషా పద్ధతిలో నింపమని. రాష్ట్రం మొత్తం మీద ఏ పార్టీకి ఎంత శాతం ఓట్లొచ్చాయో చూసి, ఆ వాటా కంటే బాగా తక్కువ సీట్లొచ్చినవాళ్లకు ఆ 50లోంచి సర్దాలి. ఒకటి రెండు శాతం ఓట్లొచ్చిన చిన్న పార్టీలను పక్కనపెట్టి, 2024 ఓట్లతో కాగితం మీద లెక్కేస్తే మొత్తం 50 వైసీపీకే వెళ్తాయి, 11 కాస్తా 61 అవుతుంది. కూటమికి 164 అలాగే ఉంటాయి, 225 మంది సభలో అది హాయిగా నడిచే ప్రభుత్వమే. అదే 2019 అయితే టీడీపీ 65 దాకా, ఒక్క సీటుతో మిగిలిన జనసేన 9 దాకా వచ్చేవి. పద్ధతి మారితే పొత్తులూ మారతాయి, ఓట్లూ మారతాయి, కాబట్టి ఇది ఉజ్జాయింపే. తెలంగాణలో పెరిగే 34 సీట్లకూ ఇదే చేయొచ్చు.

ఇది నా బుర్రలో పుట్టిందేమీ కాదు. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో దాదాపు ఇలాంటి మిశ్రమ పద్ధతినే సూచించింది, సీట్లు 25 శాతం పెంచి వాటిని పార్టీల జాబితాల ద్వారా నింపమని. రాజ్యసభ సభ్యులను మన ఎమ్మెల్యేలు ఎన్నుకునేది కూడా దామాషా పద్ధతిలోనే కదా. అయితే ఎమ్మెల్యేలంతా నియోజకవర్గాల నుంచే ఎన్నిక కావాలని రాజ్యాంగం 170వ అధికరణం అంటోంది, కాబట్టి సవరణ తప్పదు. అసలు కష్టం అక్కడే.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో నేను గట్టిగా పట్టించుకునేది ఒక్కటే. జాబితా అనగానే అధినేత బంధువులూ, డబ్బున్నవాళ్లూ దొడ్డిదారిన దూరిపోతారు. నేపాల్‌లో 275 మంది సభలో 110 మంది ఇలా జాబితాల నుంచే వస్తారు, అక్కడ సరిగ్గా ఈ విమర్శే ఉంది. శ్రీలంకలో జాతీయ జాబితా కింద ఉన్న 29 సీట్లలో ఓడిపోయిన నాయకులను కూర్చోబెడుతున్నారని కూడా అంటారు. అందుకని జాబితా వద్దు. నియోజకవర్గాల్లో పోటీ చేసి ఓడినా, తమ పార్టీ అభ్యర్థుల్లో ఎక్కువ శాతం ఓట్లు తెచ్చుకున్నవాళ్లనే వరసగా తీసుకోవాలి. జర్మనీలో బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం ఎన్నో ఏళ్లు ఇలాగే నడిపింది. జనం దగ్గరకు వెళ్లి ఓట్లడిగినవాళ్లే వస్తారు, అధినేత దయ మీద కాదు. ఓడినవాళ్లను గెలిపించడం ఏంటి అంటారా, 48 శాతం తెచ్చుకుని ఓడినవాడు ముక్కోణపు పోటీలో 35 శాతంతో గెలిచినవాడికంటే ఏ విధంగా తక్కువో నాకైతే అర్థం కాదు.

ఇక ప్రభుత్వాలు నిలబడవన్న భయం. ఇజ్రాయెల్‌లో 2019 నుంచి 2022 లోపు ఐదుసార్లు ఎన్నికలు జరిగాయి, నిజమే, కానీ అక్కడ 120 సీట్లూ దామాషాయే. ఇక్కడ నేనడిగేది 225లో 50.

గెలిచినవాళ్లు ఈ పని చేయరని తెలుసు. ఇదే పాత పద్ధతిలో జరిగే ఆఖరి ఎన్నిక అని 2015లో కెనడాలో ట్రూడో మాటిచ్చి, మెజారిటీతో ప్రధాని అయ్యాక 2017లో వదిలేశారు. మన దగ్గర ఒక్క తేడా ఉంది, ఐదేళ్ల వ్యవధిలో రెండు పెద్ద పార్టీలకూ ఈ దెబ్బ రుచి తెలిసింది. వచ్చేసారి ఎవరికి తగులుతుందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు.

మీ పత్రికకూ ఒక మాట. ఫలితాల రోజు మొదటి పేజీలో రంగుల మ్యాపు వేసి సీట్లు పెద్ద అక్షరాల్లో ఇస్తారు, ఓట్ల శాతం ఎక్కడో లోపలి పేజీలో చిన్న పట్టికలో ఉంటుంది. వచ్చేసారి రెండూ పక్కపక్కనే, ఒకే సైజులో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు