మమ్మల్ని కూర్చోబెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

"ఈ వయసులో మీకెందుకు నాన్నా, కూర్చోండి" అనే మాట వినడానికి ప్రేమగానే ఉంటుంది. నాకు 69 ఏళ్లు, రిటైరై తొమ్మిదేళ్లయింది. కరెంటు బిల్లు అబ్బాయి ఫోన్లో కట్టేస్తాడు, కూరలు ఇంటికే వస్తాయి, పాల ప్యాకెట్లు మొన్నటిదాకా తెల్లారేసరికి గుమ్మానికి తగిలించిన సంచిలో ఉండేవి. మెట్లు దిగాల్సిన పని ఒక్కటీ మిగల్లేదు.

పోయిన ఏడాది వసంత పంచమికి మా మనవరాలి అక్షరాభ్యాసం. పాపని ఒళ్లో పెట్టుకుని పళ్లెంలో బియ్యం మీద దిద్దించాను, అంతా బాగానే జరిగింది, తీరా పీట మీంచి లేవబోతే లేవలేకపోయాను. ఒక పక్క అల్లుడు, ఇంకో పక్క పురోహితుడు గారు పట్టుకుని లేపారు. చుట్టాలు నవ్వారు, నేనూ నవ్వాను, ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మోకాళ్లు అరిగాయేమో అనుకున్నాను. ఎక్స్‌రే చూసిన డాక్టరు మోకాళ్లు వయసుకి తగ్గట్టే ఉన్నాయి, తొడల్లో కండ తగ్గిపోయిందన్నారు. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది చాలా చిన్న పని: కుర్చీని గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, కూర్చోవడం, లేవడం. మొదటిరోజు నాలుగు సార్లకే ఆయాసం వచ్చింది. ఇప్పుడు పూటకి పన్నెండు చేస్తున్నాను, పైగా స్టవ్ మీద పాలు పొంగేలోపు గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం కూడా. 65 దాటినవాళ్లు వారానికి 150 నిమిషాలు నడవడం లాంటి శ్రమ చేస్తూ, మూడు రోజులైనా బలానికీ, తూలిపోకుండా నిలదొక్కుకోవడానికీ కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడక సంగతి అందరికీ తెలుసు, రెండోది మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు.

మా ఆవిడ ఇప్పటికీ కింద కూర్చుని కత్తిపీట మీద కూర తరిగి, చెయ్యి ఆనించకుండా లేస్తుంది. ఆవిడకి రిటైర్మెంట్ లేదు మరి, అదేమీ మనం గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి కాదనుకోండి.

భయంతో మొదలుపెట్టిన వ్యాయామం నా విషయంలో పదిహేను రోజులు కూడా నిలవలేదు, పని ఉంటేనే కాలు కదిలింది. అందుకే ఇంటికి పాలు వేయడం మాన్పించేశాను. ఆరింటికి బూత్ దగ్గరికి నేనే వెళ్తాను, అక్కడ నాలాంటివాళ్లు ముగ్గురున్నారు, ఒకరోజు రాకపోతే "ఏం మాస్టారూ, ఒంట్లో బాలేదా" అని ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ వస్తుందనే సగం రోజులు లేస్తున్నాను, నిజం చెప్పాలంటే.

70 నిండినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఐదు లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. సంతోషం, వచ్చే ఏడాది నేనూ తీసుకుంటాను, కానీ అది ఆస్పత్రిలో పడుకున్నాక పనికొచ్చేది. పడిపోకుండా చూసేది మా వీధి చివర పార్కు. అక్కడ కుర్రాళ్ల కోసం ఇనప మిషన్లు పెట్టారు, గేటు దగ్గర మూడు మెట్లకి మాత్రం పట్టుకోవడానికి ఏమీ లేదు. మాలో చేతికర్రతో నడిచే ఆయన రోజూ అక్కడి దాకా వచ్చి, బయటే కల్వర్టు మీద కూర్చుని వెనక్కి వెళ్లిపోతాడు. మేం అడిగేది ఒక్క పైపు, నాలుగడుగుల పొడుగు, రెండు వైపులా కూడా అక్కర్లేదు, ఎక్కేటప్పుడు కుడిచేతి వైపు ఉంటే చాలు.

- ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, గుంటూరు జిల్లా