గెలిచిన డైరెక్టర్‌కి పని నేర్పేదెవరు? సహకార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర సహకార శాఖ మంత్రి గారికి నమస్కారం.

హైదరాబాద్‌లో ఏ హౌసింగ్ సొసైటీకో, అపార్ట్‌మెంట్ సంఘానికో ఎన్నికలు జరిగిన మర్నాడు ఏమవుతుందో మీకు తెలియంది కాదు. గెలిచిన ప్యానెల్‌కి దండలు పడతాయి, వాట్సాప్ గ్రూపు అభినందనలతో నిండిపోతుంది. పాత సెక్రటరీ కొత్త సెక్రటరీకి ఒక బీరువా తాళం, రెండు చెక్‌బుక్కులు, ఒక రబ్బరు స్టాంపు ఇచ్చి వెళ్తాడు. చాలాచోట్ల అవి రాబట్టడానికే ఆరు నెలలు పడుతుంది, అది వేరే కథ. ఆ రోజు నుంచి కోట్ల విలువ చేసే ఉమ్మడి ఆస్తికి, నలుగురి కార్పస్ డబ్బుకి, అంటే ఉమ్మడి నిల్వకి, ఈ కొత్త డైరెక్టర్లే, అంటే పాలకవర్గ సభ్యులే బాధ్యులు. ఆ బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వాళ్లకి కూర్చోబెట్టి చెప్పేవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

నేను మల్కాజిగిరి, కూకట్‌పల్లి వైపు సొసైటీలకు లెక్కలు రాసిపెట్టి, ఆడిట్‌కి కాగితాలు సిద్ధం చేసే మనిషిని. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. కొత్తగా ఎన్నికైన ప్రతి పాలకవర్గానికి మొదటి మూడు నెలల్లోపే శిక్షణ ఇప్పించండి. హోటల్ హాల్లో ప్రసంగాలు పెట్టి భోజనం పెట్టి పంపే శిక్షణ కాదు. ఒక అనుభవజ్ఞుడు వాళ్ల ఆఫీసుకే వచ్చి, వాళ్ల పుస్తకాలే ముందేసుకుని, వాళ్ల మీటింగులోనే కూర్చుని నేర్పే శిక్షణ.

ముందు మినిట్స్ బుక్ సంగతి చెప్తాను. నా బల్ల మీదికి వచ్చే పుస్తకాల్లో చాలావాటిలో ఒకటే వాక్యం ఉంటుంది: "పై అంశమును చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది." లిఫ్టు మార్చడానికి పద్దెనిమిది లక్షలు ఖర్చు పెట్టినా అదే వాక్యం, వినాయక చవితి చందా అయినా అదే. ఎన్ని కొటేషన్లు వచ్చాయి, తక్కువ ధర ఇచ్చినవాణ్ని ఎందుకు వద్దన్నారు, ఎవరు కాదన్నారు, ఇవేవీ ఉండవు. కొన్నిచోట్ల అసలు మీటింగే ఉండదు. సెక్రటరీ ఇంట్లో రాసిన పేజీలను వాచ్‌మన్ సాయంత్రం ఫ్లాటు ఫ్లాటుకీ పట్టుకెళ్లి సంతకాలు చేయిస్తాడు. సంతకం పెట్టేవాళ్లు దొంగలేం కాదు. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి, టీవీ చూస్తూ, "ఎక్కడ పెట్టాలి?" అని అడిగి పెట్టేస్తారు.

ఆ సంతకం విలువ ఎంతో వాళ్లకి తెలిసేది మీ శాఖ నుంచి నోటీసు వచ్చినప్పుడు. 1964 సహకార చట్టంలో సెక్షన్ 51 కింద విచారణ జరుగుతుంది, ఆ తర్వాత సెక్షన్ 60 కింద సర్‌చార్జి. నిధులు దారి మళ్లించినా, కావాలని నిర్లక్ష్యం చేసి సంఘానికి నష్టం తెచ్చినా ఆ సొమ్ము వాళ్ల దగ్గర్నుంచే వడ్డీతో వసూలు చేయవచ్చు. ఒక రిటైర్డ్ టీచర్ ఆ నోటీసు పట్టుకుని నా దగ్గరకొచ్చి, "నేను డబ్బు ముట్టుకోలేదండీ, సంతకమే పెట్టాను" అన్నారు. ఏం చెప్పాలి ఆయనకి? చట్టం అడిగేది ఆ సంతకం గురించే. ఆ ముక్క ఆయన డైరెక్టర్ అయిన మొదటి వారంలోనే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పేజీలో ఆయన అసమ్మతి ఒక లైనైనా రాసి ఉండేవారు.

ఇంకో సంఘంలో చూసింది చెప్తాను. మహిళల కోటాలో ఒకావిడ డైరెక్టర్ అయ్యారు. మొదట్లో ఆవిడ తరఫున భర్తే మీటింగులకు వచ్చేవాడు, ఎవరూ తప్పు పట్టలేదు. తర్వాత ఆవిడే రావడం మొదలుపెట్టారు. నాలుగైదు మీటింగులు మాట్లాడకుండా కూర్చున్నారు. ఒకరోజు ట్రెజరర్ నలభై లక్షల ఎఫ్‌డీ గురించి చదువుతుంటే, "ఆ బాండ్ ఒరిజినల్ ఎక్కడుందండీ? ఒకసారి చూపిస్తారా?" అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ట్రెజరర్ ముఖం ఎర్రబడింది. "నామీద నమ్మకం లేదా?" అన్నాడు. ఆవిడ మామూలుగానే, "నమ్మకం ఉంది, బాండ్ కూడా చూపించండి" అన్నారు. బాండ్ ఉంది. కాకపోతే బ్యాంకులో కాదు, రెండు శాతం వడ్డీ ఎక్కువిస్తుందని ఒక క్రెడిట్ సొసైటీలో వేశారు. కమిటీ తీర్మానం లేదు. ఆ డబ్బు వెనక్కి తేవడానికి ఏడాది తిరిగారు, వచ్చింది, అదృష్టం.

ఆవిడ వేసిన ప్రశ్న చిన్నదనిపిస్తుంది. కానీ ఇదే హైదరాబాద్‌లో ఇంతకంటే లక్ష రెట్లు పెద్ద బోర్డు ఆ ప్రశ్న వేయలేక కూలిపోయింది. సత్యం కంప్యూటర్స్ అనే ఐటీ కంపెనీకి 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి, అంటే కంపెనీని సక్రమంగా నడిపినందుకు, గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ సెక్రటరీ ఉన్నారు, ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూల్ డీన్ ఉన్నారు. 2008 డిసెంబర్ 16న ఆ బోర్డే చైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. ఇన్వెస్టర్లు గొడవ చేస్తే గంటల్లోనే వెనక్కి తగ్గారు. మూడు వారాలు తిరిగేసరికి, 2009 జనవరి 7న, చైర్మన్ రామలింగరాజు గారు లేఖ రాశారు: పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని. ఉన్నాయని చూపించింది నకిలీ ఎఫ్‌డీ రసీదులతో. అంత చదువుకున్న బోర్డుకి అకౌంట్స్ రావనుకోవాలా? వచ్చు. ఒకాయన్ని నిలదీసి "రసీదు సరే, బ్యాంకునే నేరుగా అడుగుదాం" అనడం మాత్రం జరగలేదు. అందుకే నేను కోరే శిక్షణలో సెక్షన్ల నంబర్లు బట్టీ పట్టించడం కంటే, మీటింగులో అడగడం అలవాటు చేయడమే ఎక్కువ ఉండాలి. మొహమాటం పోగొట్టడం అనండి. మనవాళ్లకి అసలు కష్టం అక్కడే.

మా నగరానికి ఇది కొత్త దెబ్బ కూడా కాదు. 2000 దాటాక కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ సహకార అర్బన్ బ్యాంకులు దెబ్బతిన్నప్పుడు కౌంటర్ల ముందు క్యూల్లో నిలబడ్డవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అప్పటికి డిపాజిట్ బీమా లక్ష రూపాయలే. అది ఐదు లక్షలైంది 2020లో. ఆ బ్యాంకుల్లో డిపాజిటర్ల తరఫున కూర్చున్న డైరెక్టర్లలో ఎంతమందికి లోన్ ఫైలు చదవడం వచ్చో అప్పుడెవరూ అడగలేదు. రిజర్వ్ బ్యాంక్ చాలా ఆలస్యంగా, 2019 డిసెంబర్ 31న, వంద కోట్లు, ఆపైన డిపాజిట్లున్న అర్బన్ బ్యాంకులకు డైరెక్టర్ల బోర్డు కాక, నిపుణులతో బోర్డ్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ఉండాలని ఆదేశించింది. కంపెనీల విషయంలోనూ అంతే. యాజమాన్యంతో సంబంధం లేని ఇండిపెండెంట్ డైరెక్టర్లు, అనుభవం ఉందని మినహాయింపు వచ్చినవాళ్లు తప్ప, ఆన్‌లైన్ పరీక్ష రాసి యాభై శాతం తెచ్చుకోవాలి. అంటే పెద్దవాళ్లకి దారి వేశారు. మా కాలనీ సొసైటీ ట్రెజరర్‌కి ఏదీ?

నేర్పే చోట్లు లేవా అంటే, దేశంలో ఇన్ని ఉన్న నగరం ఇంకోటి ఉందా అనిపిస్తుంది. బెల్లా విస్టాలో 1956లో పుట్టిన ఆస్కి (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్) ఉంది, కంపెనీ పెద్దలకీ ప్రభుత్వ అధికారులకీ పాఠాలు చెప్తుంది. జూబ్లీహిల్స్‌లో ప్రభుత్వ ఉద్యోగులకు శిక్షణనిచ్చే ఎంసీఆర్‌హెచ్‌ఆర్‌డీ ఉంది. గచ్చిబౌలిలో ఐఎస్‌బీ. రాజేంద్రనగర్‌లో సర్పంచులకు శిక్షణనిచ్చే సంస్థ ఉంది, సహకార శిక్షణ సంస్థా ఉంది. కానీ నేను చూసినంతలో సహకార కోర్సులకు వెళ్లేది సంఘాల జీతగాళ్లే, డైరెక్టర్లు కాదు. సూపర్‌వైజర్ నేర్చుకుని వస్తాడు, అతణ్ని అదుపు చేయాల్సిన బోర్డుకి ఏమీ తెలియదు. ఆ తర్వాత ఆ సంఘంలో నిజమైన చైర్మన్ ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకా విచిత్రం, మన పొదుపు సంఘాల మహిళలు ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నారు. పంచసూత్రాలు అని వాళ్లకి మొదటి రోజే చెప్తారు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పు ఇవ్వడం, సకాలంలో చెల్లింపు, పుస్తకాలు సరిగ్గా రాయడం. డబ్బు అందరి ముందూ లెక్కపెడతారు, ఎవరెంత కట్టారో అందరికీ వినబడేలా చదువుతారు. నెలకు వంద, రెండొందలు దాచుకునే సంఘం ఈ పని చేస్తోంది. నెలకు పది లక్షల మెయింటెనెన్స్ వసూలు చేసే గేటెడ్ కమ్యూనిటీలో రిజిస్టర్ అడిగితే "ఎక్సెల్ షీట్ మా తమ్ముడి లాప్‌టాప్‌లో ఉంది" అంటారు. ముల్కనూరు రైతుల సహకార సంఘం గురించి మీకు నేను చెప్పాలా? 1956లో పెట్టింది. అదేదో గాలిలో నడవలేదు, అక్కడి సభ్యులకి లెక్క అడగడం వచ్చు.

ఇక ఏం నేర్పాలి అంటే, సగం మీ శాఖ ఆడిటర్లకు తెలిసినవే. బోర్డు పని ఏమిటి, మేనేజర్ పని ఏమిటి అనేది మొదటిది. మా దగ్గర ప్రెసిడెంటే వాచ్‌మన్‌కి ఫోన్ చేసి మోటార్ ఆన్ చేయమంటాడు, కానీ ఏడాది బడ్జెట్ ఎవరూ వేయరు. రెండోది, బంధుత్వాల సంగతి. ప్రెసిడెంట్ గారి బావమరిది పెయింటింగ్ కాంట్రాక్టుకి కొటేషన్ వేయడం తప్పేం కాదు. కాకపోతే ఆ అంశం చర్చకి వచ్చినప్పుడు "ఆయన మా బావమరిది" అని ముందే చెప్పి, ప్రెసిడెంట్ బయటికెళ్లి కూర్చోవాలి, ఆ మాట మినిట్స్‌లో రాయాలి. నేను ఈ పద్ధతి చెప్పినచోటల్లా జనం మొదట నవ్వుతారు, అలా కూడా చేస్తారా అని. పన్నుల గురించి ఒక గంట చాలు: ఫ్లాటుకి మెయింటెనెన్స్ నెలకు 7,500 దాటి, సంఘం టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ వస్తుందని, ఒకే కాంట్రాక్టర్‌కి ఏడాదిలో లక్ష దాటి ఇస్తే టీడీఎస్, అంటే అతని ఆదాయపు పన్ను, ముందే కోయాలని. ఈ రెండూ తెలియక పెనాల్టీలు కట్టిన సంఘాలు నాకు చాలా తెలుసు.

శిక్షణ ఇచ్చేవాళ్లకి కొరత లేదు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది కానీ, అందులో బ్రాంచీలు నడిపి రిటైరైన మేనేజర్లు ఇక్కడే, మన కాలనీల్లోనే ఉన్నారు. మీ శాఖలో రిటైరైన సబ్ రిజిస్ట్రార్లు ఉన్నారు. జిల్లాకి ఒక జాబితా పెట్టండి. ఒకరు మూడు మీటింగులకు వచ్చి వెనక కూర్చోవాలి. మొదటిసారి నోరు విప్పకూడదు. మీటింగ్ అయ్యాక ఎక్కడ తప్పు జరిగిందో కమిటీకే చెప్పాలి, శాఖకి రిపోర్టు రాయకూడదు. ఈ చివరి మాట గట్టిగా పెట్టండి. వచ్చినవాడు ఇన్‌స్పెక్టర్ అనిపిస్తే ఎవరూ పుస్తకం తెరవరు. పాతబస్తీలో సంఘాలకు ఉర్దూలోనే చెప్పాలి, అక్కడికి తెలుగు పుస్తకం పంపితే బీరువాలోకే వెళ్తుంది.

ఒక భయం కూడా ఉంది, దాచను. ఈ శిక్షణ తప్పనిసరి చేస్తే, రాలేదన్న సాకుతో పాలకవర్గాల్ని సెక్షన్ 34 కింద రద్దు చేసి పర్సన్ ఇన్‌చార్జ్‌ని, అంటే ప్రభుత్వం నియమించే మనిషిని, కూర్చోబెట్టే దారి తెరుచుకోవచ్చు. 2020 ఫిబ్రవరిలో ఎన్నికైన ప్యాక్స్ (రైతులకు అప్పులిచ్చే ప్రాథమిక సహకార సంఘాలు) పాలకవర్గాల గడువు 2025 ఫిబ్రవరిలో ముగిస్తే, ఎన్నికలకు బదులు పొడిగింపు వచ్చింది. కాబట్టి మాకు అనుమానం రావడంలో తప్పు లేదు. పదవికి ముడిపెట్టకండి. శిక్షణకు వచ్చిన డైరెక్టర్ల పేర్లు వార్షిక నివేదికలో అచ్చు వేయమనండి చాలు. రానివాళ్ల సంగతి జనరల్ బాడీ చూసుకుంటుంది.

చట్టం అడ్డు రాదు. 2012లో అమల్లోకి వచ్చిన 97వ రాజ్యాంగ సవరణలో సభ్యులకు సహకార విద్య, శిక్షణ అన్న మాట 243జెడ్‌ఓ అధికరణలో ఉంది. రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదని 2021 జులై 20న సుప్రీంకోర్టు ఆ భాగాన్ని రాష్ట్ర సంఘాల వరకు కొట్టేసింది నిజమే. అంటే ఇప్పుడు అది మీ చేతిలో పని, ఢిల్లీది కాదు. బహుళ రాష్ట్ర సంఘాలు లాభంలో ఒక శాతం సహకార విద్యా నిధికి కడుతున్నాయి. మన దగ్గర డబ్బు ఎక్కడ్నుంచి అన్న ప్రశ్న వస్తే అలాంటి నిధితోనే మొదలుపెట్టొచ్చు. లాభమే లేని హౌసింగ్ సొసైటీలు ఏడాదికి సభ్యుడికి పది రూపాయలు వేసుకున్నా సరిపోతుంది.

చివరిగా ఒక చిక్కు. నగరంలో అపార్ట్‌మెంట్ సంఘాలు కొన్ని 1964 చట్టం కింద, కొన్ని 1995 మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద, చాలావరకు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉన్నాయి. మూడోరకం మీ పరిధి కాదు, రిజిస్ట్రేషన్ల శాఖది. ఆ మంత్రి గారితో మాట్లాడి ఒకే పుస్తకం, ఒకే జాబితా ఉండేలా చూడండి. ముందు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో మొదలుపెట్టండి, నేను చూసినంతలో కొత్త సంఘాలు ఎక్కువగా పుడుతున్నది ఇక్కడే. పుస్తకం చిత్తుప్రతి రాయడానికి మాలాంటి లెక్కలవాళ్లం కొందరం సిద్ధంగా ఉన్నాం, రూపాయి తీసుకోం. జిల్లా సహకార అధికారి గారి నుంచి ఒక ఫోన్ వస్తే చాలు, వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
మల్కాజిగిరిలో సొసైటీల లెక్కలు చూసే ఒక పౌరుడు