మా పాత మారుతిని మళ్ళీ రోడ్డెక్కించిన పెద్దాయనకు, ముంజల అక్కకు కృతజ్ఞతలు

మే నెల చివరి శనివారం, మిట్టమధ్యాహ్నం, కందుకూరు నుంచి సింగరాయకొండ వచ్చే రోడ్డు మీద మా కారు ఆగిపోయింది. బండిలో అమ్మ, నాన్న, నేను. తర్వాత రెండు గంటలు మాకు తోడు నిలబడిన వాళ్ళెవరూ అంతకుముందు మా ముఖం కూడా చూసినవాళ్ళు కారు. ఆ టెన్షన్‌లో వాళ్ళకు సరిగా దండం పెట్టి కూడా రాలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది 1996 మోడల్ మారుతి 800, కార్బరేటర్ బండి. నాన్న బడిలో పనిచేసే రోజుల్లో లోను పెట్టి కొన్న కారు. అమ్మేద్దామని ఎవరన్నా అంటే ఆయన ఆ పూట సరిగా అన్నం తినరు. అలాంటి బండికి నాలుగు నెలలుగా ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. అరగంట నడిచి బాగా వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా తిరుగుతుందే గానీ స్టార్ట్ కాదు. ఇంకో అరగంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతుంది.

ఒంగోలులో మూడు షెడ్లలో చూపించాం. కార్బరేటర్ విప్పి కడిగారు, ప్లగ్గులు మార్చారు, ఏసీ పంపు (ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపు) కొత్తది వేశారు. ప్రతిసారీ బాగైందనే ఇంటికి వచ్చాం.

మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. అమ్మ మొక్కు ఎప్పటి నుంచో మిగిలిపోయింది. తెల్లవారకముందే బయల్దేరితే చల్లపొద్దులో చేరుకోవచ్చని ధైర్యం చేశాం. వెళ్ళేటప్పుడు బండి కిక్కురుమనలేదు. దర్శనం చేసుకుని తిరిగి వస్తుంటే కందుకూరు దాటిన కాసేపటికి ఆగింది. రోహిణి కార్తె ఎండ, పైగా అమ్మకు బీపీ. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

బైకు మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్ళు మేం పిలవకుండానే ఆగి, బండిని వేపచెట్టు నీడకు తోశారు. ఆ చెట్టు కింద ఒక అక్క తాటిముంజలు అమ్ముకుంటోంది. "పెద్దమ్మా, ఇట్టా వచ్చి కూర్చో" అని తను కూర్చున్న పీట అమ్మకు వేసి, ముంజలు ఒలిచి చేతిలో పెట్టింది. డబ్బులిస్తే అమ్మ చెయ్యి వెనక్కి నెట్టేసింది.

ముంజలు కొనడానికని మోపెడ్ మీద వచ్చిన పెద్దాయన మా బోనెట్ ఎత్తి ఉండటం చూసి దగ్గరకు వచ్చారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారట. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఆయన అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"అబ్బయ్యా, ఆగేటప్పుడు దగ్గి దగ్గి ఆగిందా, స్విచ్ తీసేసినట్టు ఆగిందా?"

నాలుగు నెలల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. స్విచ్ తీసేసినట్టే ఆగింది అన్నాను. పెట్రోలు అందకపోతే బండి కాస్త గుంజుతుంది, దగ్గుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. కరెంటు పోతే మాత్రం ఒక్కసారిగా చచ్చిపోతుంది అన్నారు. అయినా ఆ మాట మీదే ఉండిపోలేదు. ఎయిర్ క్లీనర్ మూత తీసి, యాక్సిలరేటర్ కేబుల్ చేత్తో లాగి, కార్బరేటర్ గొంతులోకి చూడమన్నారు. లోపల సన్నటి ధార చిమ్మింది. "పెట్రోలు ఉంది. దాని జోలికి పోవద్దు" అని మూత పెట్టేశారు.

ఆ వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, ఒక ప్లగ్ విప్పి దాని వైరుకే తగిలించి, ప్లగ్ ఒంటిని ఇంజన్‌కు ఆనించారు. "మాష్టారూ, మీరు సెల్ఫ్ కొట్టండి." నాన్న తాళం తిప్పారు. ఇంజన్ తిరిగింది గానీ ప్లగ్ కొన దగ్గర చిన్న మెరుపు కూడా లేదు. మూడు ప్లగ్గులదీ అదే పరిస్థితి. ప్లగ్గుల మెరుపుకు కావలసిన పెద్ద కరెంటు పుట్టించే కాయిల్ నుంచి, దాన్ని ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే లావు వైరు ఊడదీసి చూసినా అంతే. తర్వాత మోపెడ్ డిక్కీలోంచి రెండు వైర్లు కట్టిన చిన్న బల్బు తెచ్చారు. కీ ఆన్ చేసి కాయిల్‌కు ఒక పక్క పెడితే బల్బు వెలిగింది. రెండో పక్క పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే మిణుకు మిణుకుమంది. అంటే కాయిల్ దాకా కరెంటు వస్తోంది, డిస్ట్రిబ్యూటర్ తన పని తాను చేస్తోంది, మధ్యలో కాయిల్ ఒక్కటే ఇవ్వడం లేదు. "చెయ్యి పెట్టి చూడు" అన్నారు. పెట్టిన చెయ్యి వెంటనే వెనక్కి లాక్కున్నాను.

ముంజలు వాడిపోకుండా ఆ అక్క గంప మీద తడి గోనెపట్టా కప్పి ఉంచింది. పెద్దాయన దానివైపు చూడగానే తనే తీసి ఇచ్చింది. కీ ఆఫ్ చేయించి, పైనున్న వైరు మూతిలోకి నీళ్ళు దిగకుండా జాగ్రత్తగా కాయిల్‌కు ఆ పట్టా చుట్టారు. పావుగంట తర్వాత తీసి, ప్లగ్గులు బిగించి, సెల్ఫ్ కొట్టమన్నారు. మొదటిసారికే అందుకుంది. నాన్న స్టీరింగ్ మీద తల ఆనించి అలాగే కూర్చుండిపోయారు.

నాకు అర్థమయ్యేలా ఆయన చెప్పింది ఇది: కాయిల్ లోపల వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఎక్కడో ఒకచోట తెగితే, చల్లగా ఉన్నంతసేపు ఆ కొనలు ఆనుకునే ఉంటాయి, వేడికి సాగగానే విడిపోతాయి. మళ్ళీ చల్లారితే కలుస్తాయి. షెడ్డులో వాళ్ళు విప్పి బిగించేలోపు ఇంజన్ చల్లారిపోయేది కాబట్టి, ఏ పార్టు మార్చినా దానివల్లే బాగైనట్టు కనిపించింది. జబ్బు ఉన్నప్పుడే చూడాలి, తగ్గాక చూస్తే ఏం తెలుస్తుంది అన్నారు.

చల్లార్చిన ఆ కాయిల్‌తోనే ఒంగోలు దాకా పంపడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఇంటికి వెళ్ళి, ఎప్పుడో విప్పి దాచిన ఇలాంటి బండి కాయిల్ తెచ్చి బిగించారు. ఎంత బతిమాలినా రూపాయి తీసుకోలేదు. అమ్మ ఇచ్చిన మాలకొండ ప్రసాదం మాత్రం కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు మా పాత కాయిల్‌ను మల్టీమీటరుతో చూశాను. చల్లగా ఉన్నప్పుడు లోపలి తీగ పది వేల ఓమ్స్‌కు కాస్త అటూ ఇటూగా చూపించింది. ఎండలో రేకు మీద రెండు గంటలు ఉంచి చూస్తే మీటరు అసలు ఏమీ చూపించలేదు, అంటే తీగ విడిపోయినట్టే. కొత్త కాయిల్ వెయ్యి రూపాయల లోపే వచ్చింది. పాతదాని మీద ఉన్న నంబరుతో సరిపోల్చి కొనమని ఆయన మరీ మరీ చెప్పారు, ఎందుకంటే కొన్ని కాయిల్స్‌కు విడిగా రెసిస్టర్ (కరెంటును తగ్గించే ముక్క) కావాలి, అవి నేరుగా తగిలిస్తే కాలిపోతాయి. ఆ తర్వాత ఒంగోలు నుంచి కావలికి ఎక్కడా ఆగకుండా నడిపాను. నాన్న దారంతా ఇంజన్ చప్పుడే విన్నారు.

పోయిన ఆదివారం పెద్దాయన కాయిల్ తిరిగి ఇచ్చి వచ్చాను. ఈసారి ఆయనకు పాదాభివందనం చేశాను. కుర్రాళ్ళు ఏ ఊరి వాళ్ళో తెలియదు. తమ్ముళ్ళూ, ఇది మీ కంటపడితే మా అమ్మ మిమ్మల్ని రోజూ తలుచుకుంటోందని తెలుసుకోండి.

వేపచెట్టు దగ్గర ఆగితే అక్క లేదు, ముంజల కాలం అయిపోయింది. కందుకూరు వైపు వాళ్ళెవరైనా ఇది చదివితే ఆమెకు చెప్పండి: అక్కా, ఆ కంగారులో నీ గోనెపట్టా మా బండిలోనే ఉండిపోయింది. అమ్మ దాన్ని ఉతికి, ఆరబెట్టి, మడిచి పెట్టింది. ఎక్కడికి తెచ్చివ్వాలో కబురు చేస్తే చాలు, నాన్న కారు తీస్తారు.