లాయర్ని నువ్వే వెతుక్కో తల్లీ

చిట్టితల్లీ,

రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. అందుకే రాస్తున్నాను. మీరిద్దరూ ఎందుకు విడిపోయారో నేను అడగను, చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెబుతావు. ఇప్పటికి మీరిద్దరూ కలిసి కొన్న ఇంటి సంగతి చూద్దాం.

"ఇద్దరికీ ఒకే లాయరు చాలు, నాకు తెలిసినాయనే" అని అతను అన్నాడన్నావు చూడు, రాత్రంతా ఆ మాటే నన్ను తొలిచేసింది. అతను మంచివాడే కావచ్చు, ఆ లాయరూ మంచివాడే కావచ్చు. కానీ ఎవరి వాటా ఎంత అనే దగ్గర అతనికి పెరిగితే నీకు తగ్గుతుంది. నీ తరఫున మాట్లాడే మనిషి నీకంటూ వేరే ఉండాలి.

నా సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మా అన్నదమ్ముల స్థలం గొడవలో నేనొక లాయర్ని పెట్టుకున్నాను. "మీరు నిశ్చింతగా ఉండండి, కేసు మనదే" అనేవాడు. ఆ మాట వినడానికే వెళ్లేవాణ్ణేమో! ఒక్క కాగితం చూపించమని అడగలేదు. చివరికి కోర్టుకు వెళ్లి వాకబు చేస్తే, వాయిదాకు ఎవరూ రాలేదని కేసు ఎప్పుడో కొట్టేశారు. తప్పు అతనిదే, కానీ అడగకపోవడం నాది.

నువ్విప్పుడు వేరే దేశంలో ఉద్యోగం చేస్తున్నా, ఇంటి హక్కు విషయంలో మామూలుగా ఆ ఇల్లున్న చోటి చట్టమే చూస్తారు. కాబట్టి అక్కడ ప్రాక్టీసు చేసే లాయరే కావాలి. మీలా పెళ్లి చేసుకోకుండా కలిసున్న జంటల విషయంలో దేశానికో రూలు. ఇంగ్లండులో ఎన్నేళ్లు కలిసున్నా భార్యాభర్తలకుండే ఆస్తి హక్కులు రావు, ఇంటి తగాదా వస్తే 1996 నాటి ట్రస్టు భూముల చట్టం కింద తేల్చుకోవాలి. ఆస్ట్రేలియాలో సహజీవనానికి కూడా ఆస్తి హక్కులు ఉంటాయి, కానీ మామూలుగా విడిపోయిన 2 ఏళ్లలోపే కోర్టుకు వెళ్లాలి. అందుకని లాయర్ని కలవగానే "నాకు గడువు ఎప్పటిదాకా ఉంది?" అని అడుగు.

ఇంకోటి, ఇద్దరి పేరా ఉన్న ఇల్లు ఏ పద్ధతిలో రాయించారో కనుక్కో. కొన్నిచోట్ల ఉమ్మడిగా రాయిస్తే ఒకరు పోయాక మొత్తం రెండోవారికే వెళ్లిపోతుంది, వీలునామా రాసినా చెల్లదు. లోను కూడా ఇద్దరి పేరా ఉంది కదా, అతను కట్టడం మానేస్తే బ్యాంకువాళ్లు నిన్నే అడుగుతారు. మీరు విడిపోయారా లేదా అన్నది వాళ్లకు అనవసరం.

ఎవరు ఎవరి పేరు చెప్పినా, అక్కడి లాయర్ల సంఘం రిజిస్టర్లో ఆ పేరు ఉందో లేదో నువ్వే చూసుకో. చాలాచోట్ల వాళ్ల మీద తీసుకున్న క్రమశిక్షణ చర్యలు కూడా తెలుస్తాయి. ఒక్కరితో సరిపెట్టకు, ఇద్దరు ముగ్గురితో మాట్లాడు. ఇలాంటి కేసులు చేశారా, నా ఫైలు మీరే చూస్తారా జూనియరుకిస్తారా అని మొహమాటపడకుండా అడుగు. ఫీజు గంటకింతనా, మొత్తానికా, ఏమేం కలిసొస్తాయి, అంతా రాతలో తీసుకో. ఆ తర్వాత "నా కేసులో బలహీనత ఏమిటి?" అని అడిగి చూడు. కాస్త ఆలోచించి, నీకు నచ్చని మాటైనా చెప్పినవాణ్ణి నమ్మొచ్చు. "గెలిపిస్తా" అన్నవాడికి దండం పెట్టి లేచి వచ్చెయ్.

అప్పటిదాకా అతను పంపే ఏ కాగితం మీదా సంతకం చెయ్యకు. మెసేజులు ఎంత బాధపెట్టినా డిలీట్ చెయ్యకు. డౌన్ పేమెంటు నీ ఖాతాలోంచే వెళ్లినట్టు చూపించే స్టేట్‌మెంట్లు ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకో. ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే ఫలానా పనికే అని రాయించు. అది వేరే దేశంలో చెల్లాలంటే అపోస్టిల్ ముద్ర, అంటే కాగితం అసలైనదేనని ప్రభుత్వం వేసే ముద్ర, అడగొచ్చు, దానికి రోజులు పడతాయి, ముందే చూసుకో.

ఖర్చు గురించి టెన్షన్ పడకు, నేనున్నాను. ఆ ఇంటి కాగితాలన్నీ స్కాన్ చేసి నాకూ ఒక కాపీ పంపించు. నాకేదో అర్థమైపోతుందని కాదు, నీ దగ్గర పోయినా నా దగ్గర ఉంటాయని.

నాన్న